ఒంట్లో చిప్, చేతిలో పద్దు: పనివాళ్ల మీద నిఘా ఎంతదాకా వచ్చింది?

"పనివాళ్ల చేతిలో చిప్ పెట్టి, ఎక్కడికి పోయినా కనిపెడతారట" అనే మెసేజ్ వాట్సాప్ గ్రూపుల్లో అప్పుడప్పుడు తిరుగుతూనే ఉంటుంది. కరోనా టీకాలో చిప్ ఉందన్న పుకారు కూడా ఇలాగే తిరిగింది. అది పచ్చి అబద్ధం. అయితే ఉద్యోగుల ఒంట్లో చిప్ పెట్టడం మాత్రం పూర్తిగా కట్టుకథ కాదు. అమెరికాలో, స్వీడన్‌లో కొన్ని కంపెనీలు పెట్టాయి. దాన్ని బలవంతంగా పెట్టకూడదని అమెరికాలో కొన్ని రాష్ట్రాలు చట్టాలు కూడా చేశాయి.

మన తెలుగు రాష్ట్రాల్లో ఏ యజమానీ కూలీ ఒంట్లో చిప్ పెట్టిన దాఖలా లేదు. మరి మనకెందుకు ఈ గొడవ అంటారా? చిప్‌తో ఏం జరుగుతుందని భయపడుతున్నామో, అందులో చాలా భాగం చిప్ లేకుండానే జరుగుతోంది. కువైట్‌కు పోయినవాళ్లకు, ఉపాధి పనికి పోయేవాళ్లకు, ఊరు ఊడ్చే కార్మికులకు అది అనుభవమే. తుమ్మలపల్లె యురేనియం గనిలాంటి చోట కార్మికుడి ఒంటి మీద బ్యాడ్జి కూడా ఉంటుంది. వీటన్నిటినీ ఒక వరసలో పెట్టి చూస్తే అసలు ప్రశ్న ఏమిటో తెలుస్తుంది.

చిప్ ఏం చేయగలదు, ఏం చేయలేదు

ఇప్పటిదాకా ఉద్యోగులకు పెట్టిన చిప్ బియ్యపు గింజంత ఉంటుంది. ఎక్కువగా లావు సూదితో బొటనవేలికి, చూపుడువేలికి మధ్య చర్మం కింద పెడతారు. దానికి బ్యాటరీ ఉండదు. మెట్రో కార్డులాగా, రీడర్ దగ్గరికి చేయి తీసుకెళ్తేనే పనిచేస్తుంది, అదీ కొన్ని సెంటీమీటర్ల దూరంలోనే. అందులో ఉండేది ఒక నంబరు, కొద్దిపాటి సమాచారం మాత్రమే.

కాబట్టి ఈ చిప్‌తో మనిషి ఊళ్లో ఎక్కడ తిరుగుతున్నాడో ఉపగ్రహం నుంచి చూడటం కుదరదు. ఆ పని మన జేబులో ఉన్న ఫోన్ ఎప్పుడో చేస్తోంది. కానీ తలుపు దగ్గర, క్యాంటీన్‌లో, కంప్యూటర్ దగ్గర, బాత్రూమ్ దగ్గర రీడర్లు పెడితే, ఎవరు ఎన్ని గంటలకు ఎక్కడికి పోయారు, ఎంతసేపు ఉన్నారు అనే లెక్క మొత్తం తయారవుతుంది. ఐడీ కార్డు కూడా ఈ లెక్క ఇస్తుంది కదా అనొచ్చు. తేడా ఒక్కటే. కార్డు ఇంటికి పోగానే మేకుకు తగిలిస్తాం, చిప్‌ను తగిలించలేం.

గుండెకు పెట్టే పేస్‌మేకర్ లాంటివి వేరే సంగతి. అవి రోగి ప్రాణం కోసం డాక్టరు పెట్టేవి. ఈ వ్యాసం యజమాని లెక్క కోసం పెట్టే పరికరాల గురించి.

ఎక్కడ పెట్టారు

1998లో బ్రిటన్‌లోని రీడింగ్ యూనివర్సిటీ ప్రొఫెసర్ కెవిన్ వార్విక్ తన చేతిలోనే చిప్ పెట్టించుకుని, తలుపులు, లైట్లు పనిచేయించి చూపించారు. 2004లో 'వెరిచిప్' అనే చిప్‌ను వైద్య వివరాల కోసం వాడటానికి అమెరికా ప్రభుత్వ సంస్థ అనుమతి ఇచ్చింది. 2006లో అమెరికాలోని సిన్సినాటీ నగరంలో ఒక వీడియో నిఘా కంపెనీ, రికార్డులున్న గదిలోకి పోవడానికి కొందరు ఉద్యోగులకు అదే చిప్ పెట్టింది.

అందరికీ తెలిసిన ఉదాహరణ 2017 ఆగస్టు 1ది. విస్కాన్సిన్ రాష్ట్రంలోని 'త్రీ స్క్వేర్ మార్కెట్' అనే కంపెనీ తన ఆఫీసులోనే చిప్‌లు పెట్టించింది. దాదాపు 80 మంది ఉద్యోగుల్లో సుమారు 50 మంది ఒప్పుకున్నారు. తలుపు తెరవడానికి, కంప్యూటర్‌లో లాగిన్ అవడానికి, క్యాంటీన్ మెషీన్‌లో తినుబండారాలు కొనడానికి అది ఉపయోగపడుతుందని చెప్పారు. చిప్‌లు స్వీడన్‌కు చెందిన 'బయోహ్యాక్స్' కంపెనీవి. ఆ కంపెనీ బ్రిటన్ సంస్థలతో కూడా మాట్లాడుతోందని 2018లో వార్తలు వచ్చినప్పుడు, అక్కడి కార్మిక సంఘాల సమాఖ్య అభ్యంతరం చెప్పింది. యజమానులకు కార్మికుల మీద ఇంకా ఎక్కువ పెత్తనం వస్తుందన్నది వాళ్ల భయం.

విచిత్రం ఏమిటంటే, ఒకరి ఒంట్లో బలవంతంగా చిప్ పెట్టడాన్ని నిషేధిస్తూ విస్కాన్సిన్ 2006లోనే చట్టం చేసింది. తర్వాత నార్త్ డకోటా, కాలిఫోర్నియా, మిస్సోరీ లాంటి రాష్ట్రాలు చేశాయి. 2020లో ఇండియానా కూడా చేసింది. 2017 నాటి కంపెనీ చట్టానికి చిక్కలేదు, ఎందుకంటే అక్కడ అంతా "ఇష్టంతోనే" జరిగింది.

"ఇష్టం" అంటే ఎవరి ఇష్టం?

ఈ "ఇష్టం" అనే మాట దగ్గర కొంచెం ఆగాలి. నెల జీతం మంచిగా ఉండి, ఇంకో ఉద్యోగం సులువుగా దొరికే ఇంజనీరు "నాకొద్దు" అనగలడు. కాంట్రాక్టరు కింద రోజు కూలీకి పోయేవాడు అనగలడా? "పెట్టించుకోకపోయినా పర్లేదు, కానీ పెట్టించుకున్నవాళ్లకు ముందు పని" అని మేస్త్రీ అంటే చాలు, ఇష్టం అక్కడితో అయిపోతుంది. అప్పు చేసి వీసా కొనుక్కుని పోయినవాడి సంగతి చెప్పనక్కర్లేదు.

అందుకే కార్మికుడి విషయంలో సంతకం ఒక్కదాన్నే ఒప్పుకోలుగా లెక్కపెట్టలేం. వద్దన్న తర్వాత కూడా పని, కూలీ అలాగే ఉంటేనే అది ఒప్పుకోలు.

జర్మనీ వద్దన్న దరఖాస్తు

చిప్ ఎంత దూరం పోగలదో చూపించే ఒక దరఖాస్తు ఉంది. సౌదీకి చెందిన ఒక వ్యక్తి 2007లో జర్మనీ పేటెంటు కార్యాలయంలో దాన్ని వేశాడు. మనిషి ఒంట్లో చిప్ పెట్టి ఉపగ్రహం ద్వారా ఎక్కడున్నాడో కనిపెట్టడం దాని ఉద్దేశం. ఎవరికి పెట్టాలన్న జాబితాలో నేరస్తులు, పరారీలో ఉన్నవాళ్లతోపాటు అక్రమంగా ఉంటున్న విదేశీయులు, ఇంటి పనివాళ్లు కూడా ఉన్నారు. ఒక రకం చిప్‌లో విషం కూడా పెట్టొచ్చని రాశాడు. 2009 మేలో ఈ సంగతి బయటికొచ్చినప్పుడు, సమాజ నీతికి విరుద్ధమైన దానికి పేటెంటు కుదరదని ఆ కార్యాలయం చెప్పింది.

ఆ చిప్ ఎక్కడా తయారు కాలేదు. కానీ నేరస్తుల పక్కనే ఇంటి పనివాళ్లను పెట్టిన ఆ జాబితా చూడండి. పని వదిలేసి పోయే మనిషిని దొంగలాగా చూసే ఆలోచన అందులో ఉంది. ఆ ఆలోచన మాత్రం గల్ఫ్‌లో చాలా ఏళ్లుగా అమల్లో ఉంది.

చిప్ లేకుండానే కట్టేసే పద్ధతి

కడప, రాయచోటి, రాజంపేట ప్రాంతాల నుంచి కువైట్, సౌదీలకు పోయిన కుటుంబాలకు "హురూబ్" అనే మాట కొత్త కాదు. కఫీల్ దగ్గర పని వదిలేసి పోయాడని ఫిర్యాదు పడితే, ప్రభుత్వ కంప్యూటర్లో ఆ మనిషి పేరు "పరారీ" కింద పడొచ్చు. అలా పడ్డాక అతని ఇఖామా పనికిరాదు. కొత్త పని చేయలేడు, ఇంటికి రావాలన్నా అడ్డంకే, పోలీసులకు దొరికితే జైలు, తర్వాత దేశం నుంచి పంపించేయడం. కువైట్‌లో కూడా పరారీ ఫిర్యాదుతో ఇదే జరుగుతుంది.

జీతం ఇవ్వలేదని, కొట్టారని బయటికొచ్చిన ఖద్దామా మీద కూడా ఇదే ఫిర్యాదు పడొచ్చు. కంప్యూటర్లో కఫీల్ మాట ముందు ఎక్కుతుంది. తన మాట ఎక్కించాలంటే కార్మికుడు ఆఫీసుల చుట్టూ తిరగాలి. 2018లో, 2024లో కువైట్ క్షమాభిక్ష ప్రకటించినప్పుడు ఇలా కాగితాలు చెల్లకుండా ఉండిపోయినవాళ్లు చాలామంది బయటపడ్డారు.

ఇక్కడ ఒంట్లో ఏమీ పెట్టలేదు. ఒక్క రికార్డు చాలింది. ఆ రికార్డు రాసే కలం ఒక్కరి చేతిలోనే ఉంది.

మన దగ్గర: ఫోటో, వేలిముద్ర, గడియారం

ఉపాధి హామీ పనుల్లో హాజరు కోసం కేంద్రం 2021 మేలో ఒక మొబైల్ యాప్ తెచ్చింది. 2023 జనవరి 1 నుంచి అన్ని పని ప్రదేశాల్లో తప్పనిసరి చేసింది. రోజుకు రెండుసార్లు, టైము, చోటు పడేలా కూలీల ఫోటో తీయాలని నియమం పెట్టింది. నెట్‌వర్క్ లేక ఫోటో ఎక్కకపోతే, రెండో ఫోటో టైముకు కూలీ అక్కడ లేకపోతే, చేసిన పనికి హాజరు పడలేదన్న ఫిర్యాదులు చాలా రాష్ట్రాల నుంచి వచ్చాయి. 2023 ఫిబ్రవరి నుంచి కూలీలు ఢిల్లీ జంతర్ మంతర్ దగ్గర ధర్నా చేశారు.

దొంగ హాజరు ఆగిందా అంటే, అదీ పూర్తిగా ఆగలేదు. సంబంధం లేని ఫోటోలు ఎక్కిస్తున్నారని, ఫోటోకే మళ్లీ ఫోటో తీసి ఎక్కిస్తున్నారని 2025 జూలైలో కేంద్ర గ్రామీణాభివృద్ధి శాఖే రాష్ట్రాలకు రాసింది. అంటే దొంగలెక్క రాసేవాడికి దారి దొరికింది, ఎండలో గడ్డపార పట్టినవాడికి మాత్రం కూలీ పోయింది.

హైదరాబాద్‌లో కూడా ఇలాంటిదే జరిగింది. జీహెచ్‌ఎంసీ పారిశుధ్య కార్మికులకు వేలిముద్ర హాజరు పెడితే, 2017లో కొందరు ఫీల్డు అసిస్టెంట్లు నకిలీ వేలిముద్రలు తయారు చేయించి, పనికి రానివాళ్లకు హాజరు వేస్తూ దొరికిపోయారు. తర్వాత ముఖం చూసి హాజరు వేసే పద్ధతి వచ్చింది. మరోవైపు నాపరాయి, సిమెంటు పనులు చేసేవాళ్ల వేళ్లరేఖలు అరిగిపోతాయి. మిషన్ మీద నాలుగుసార్లు వేలు పెట్టినా పడదు. రేషన్ దగ్గర ఈ బాధ పడని ఊరు మన సీమలో లేదు.

నాగపూర్, చండీగఢ్, పంచకుల లాంటి నగరాల్లో ఊడ్చే కార్మికుల చేతికి జీపీఎస్ గడియారాలు కట్టారు. ఎక్కడున్నారో ఆఫీసులో తెర మీద కనపడుతుంది. బాత్రూమ్‌కు పోయినా చూస్తున్నారేమోనన్న భయం ఆడవాళ్లలో వచ్చింది. చిప్‌కు, ఈ గడియారానికి మధ్య దూరం ఇక చర్మం మందమే.

తుమ్మలపల్లె బ్యాడ్జి చెప్పే సంగతి

వైఎస్సార్ కడప జిల్లా వేముల మండలంలోని తుమ్మలపల్లెలో యురేనియం కార్పొరేషన్ ఆఫ్ ఇండియా గని ఉంది. 2007లో శంకుస్థాపన జరిగింది, 2012లో శుద్ధి కర్మాగారం మొదలైంది. రోజుకు 3000 టన్నుల ఖనిజం శుద్ధి చేసేలా కట్టారు. గని వ్యర్థాల చెరువు గురించి, చుట్టుపక్కల ఊళ్ల భూగర్భ జలాల గురించి చాలా వార్తలు వచ్చాయి. ఇక్కడ మన విషయం కార్మికుడి ఒంటి మీద లెక్క.

రేడియేషన్ ఉన్న చోట పనిచేసేవాళ్లకు, ఆసుపత్రి ఎక్స్‌రే గదిలో ఉండేవాళ్లకు కూడా, ఛాతీ దగ్గర పెట్టుకునే 'టీఎల్‌డీ' బ్యాడ్జి ఉంటుంది. లోపల ఉన్న చిన్న బిళ్లలు ఒంటికి తగిలిన రేడియేషన్‌ను పట్టి ఉంచుకుంటాయి. కొన్ని నెలలకోసారి, చాలాచోట్ల మూడు నెలలకు, ల్యాబ్‌కు పంపిస్తే, అక్కడ వాటిని వేడి చేసి, వచ్చే వెలుగును కొలిచి మోతాదు చెబుతారు. అణుశక్తి నియంత్రణ బోర్డు పరిమితి ప్రకారం ఒక కార్మికుడికి ఐదేళ్లలో మొత్తం 100 మిల్లీసీవర్ట్లు దాటకూడదు, ఏ ఒక్క ఏడాదిలోనూ 30 దాటకూడదు.

ఈ బ్యాడ్జి మంచిది. అది ఉండాల్సిందే. గనిలో ప్రమాదం జరిగితే ఎవరు ఎక్కడున్నారో తెలిపే పరికరాలు కూడా ప్రాణాలు కాపాడతాయి. ఒంటి మీద పరికరం ఉన్నంత మాత్రాన అది నిఘా అయిపోదు.

కానీ ఒక సంగతి గమనించండి. రోజంతా పెట్టుకున్నవాడు ఆ బ్యాడ్జిని చదవలేడు. దాని మీద అంకె కనపడదు. లెక్క ల్యాబ్‌లో పుడుతుంది, ఆఫీసులో ఉంటుంది. యురేనియం గనిలో ఊపిరితో లోపలికి పోయే రాడాన్ వాయువు లెక్క ఇంకో రకం. గాలిలో అది ఎంత ఉంది, కార్మికుడు అక్కడ ఎన్ని గంటలు ఉన్నాడు అన్న రెండూ కలిపి కట్టే పద్ధతి ఉంది. అంటే హాజరు పుస్తకంలో గంటలు తగ్గితే కూలీతోపాటు ఆరోగ్యపు లెక్క కూడా తగ్గుతుంది. హాజరు పద్దు అంత పెద్ద విషయం.

అందుకే 2004 నాటి అణుశక్తి రేడియేషన్ రక్షణ నియమాలు ఒక మంచి పని చేశాయి. యజమాని కార్మికుడి మోతాదు రికార్డు ఉంచాలి. ఆ రికార్డును కార్మికుడికి ఏటా, అతను అడిగినప్పుడు, పని మానేసినప్పుడు ఇవ్వాలి. లెక్క యజమాని దగ్గర ఉన్నా, అది కార్మికుడి అమానత్ అని ఒప్పుకున్నట్టే.

పద్దు అందరి ముందు చదివితే

సీమకు ఇంకో మంచి ఉదాహరణ కూడా ఉంది. ఉపాధి హామీ పథకం దేశంలో మొదలైంది 2006 ఫిబ్రవరి 2న, అనంతపురం జిల్లా బండ్లపల్లిలో. ఆ పథకంలో ఆంధ్రప్రదేశ్ సామాజిక తనిఖీని పెద్ద ఎత్తున చేసింది. మస్టర్ కాగితాలు పట్టుకుని ఇంటింటికీ పోయి "మీరు ఇన్ని రోజులు పని చేశారా, ఇంత డబ్బు ముట్టిందా" అని అడిగేవాళ్లు. తర్వాత అందరి ముందు చదివేవాళ్లు. చదువు రానివాళ్లు కూడా "ఆ రోజు నేను పనికి పోలేదు, నా పేరు ఎట్లా రాసినారు?" అని లేచి అడగగలిగారు.

కామర్స్‌లో మొదట నేర్పే పాఠం ఇదే. పద్దు రాసేవాడు, సరిచూసేవాడు ఒక్కడే కాకూడదు. సామాజిక తనిఖీలో సరిచూసేవాడు కూలీ. యాప్‌లో, జీపీఎస్ గడియారంలో, హురూబ్‌లో రాసేది వాళ్లే, సరిచూసేదీ వాళ్లే. రేపు చిప్ వచ్చినా లోపం ఇక్కడే ఉంటుంది.

చట్టం ఏమంటోంది?

యజమాని ఉద్యోగి ఒంట్లో చిప్ పెట్టకూడదని చెప్పే ప్రత్యేక చట్టం మన దేశంలో లేదు. అయితే 2010లో సెల్వీ కేసులో, మనిషి ఒప్పుకోకుండా నార్కో లాంటి పరీక్షలు చేయకూడదని సుప్రీంకోర్టు చెప్పింది. 2017 ఆగస్టు 24న పుట్టస్వామి కేసులో తొమ్మిది మంది జడ్జీల ధర్మాసనం గోప్యత ప్రాథమిక హక్కు అని తీర్పు ఇచ్చింది. శరీరం మీద మనిషికున్న హక్కు అందులో భాగం. బలవంతపు చిప్ మీద కోర్టుకు పోతే ఈ తీర్పులు ఆధారంగా నిలుస్తాయి.

సమాచారం విషయానికి వస్తే 2023లో డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం వచ్చింది. దాని నియమాలు 2025 నవంబరులో వచ్చాయి. యజమానుల మీద ముఖ్యమైన బాధ్యతలు ఆ తర్వాత 18 నెలలకు అమల్లోకి వచ్చేలా పెట్టారు. ఈ చట్టంలో కార్మిక కుటుంబాలు తెలుసుకోవాల్సిన సెక్షన్ 7. ఉద్యోగ అవసరాల కోసం, యజమానికి నష్టం రాకుండా చూసుకోవడం కోసం, ఉద్యోగి అనుమతి లేకుండానే అతని సమాచారం వాడుకోవచ్చని అది చెబుతుంది. ఇక సెక్షన్ 11 ప్రకారం "నా గురించి ఏ సమాచారం ఉంది, చూపించండి" అని అడిగే హక్కు, అనుమతి ఇచ్చి తీసుకున్న సమాచారానికే వర్తిస్తుంది. సరిదిద్దమని అడిగే హక్కూ అంతే.

రెండూ కలిపి చదవండి. అనుమతి అడగకుండా తీసుకున్నారు కాబట్టి, చూపించమని అడిగే హక్కు కూడా పోయింది. మిగిలింది ఫిర్యాదు చేసే హక్కు. ఒక పక్క రేడియేషన్ నియమాలు "కార్మికుడికి అతని లెక్క ఇవ్వు" అంటున్నాయి. ఇంకో పక్క కొత్త చట్టం హాజరు లెక్క విషయంలో ఆ మాట అనడం లేదు. చిప్ మీద నిషేధం అడిగేవాళ్లు దానికంటే ముందు ఈ ఖాళీ పూడ్చమని అడగాలి.

ఏం అడగాలి, ఏం దాచుకోవాలి?

పనిలో కొత్త పరికరం ఏది పెట్టినా, గడియారం కానీ, ముఖం చూసే మిషన్ కానీ, రేపు చిప్ కానీ, ఐదు ప్రశ్నలు అడగండి:

1. ఇది నా భద్రత కోసమా, నా హాజరు కోసమా? ఒక దాని కోసం పెట్టి ఇంకో దానికి వాడతారా?
2. పని టైము అయిపోయాక ఇది ఆగుతుందా? తీసేయొచ్చా?
3. ఇది రాసే లెక్క నాకు చూపిస్తారా? కాగితం మీద ఇస్తారా?
4. మిషన్ తప్పు రాస్తే ఎవరికి చెప్పాలి? ఎన్ని రోజుల్లో సరిదిద్దుతారు? అప్పటిదాకా కూలీ ఆపుతారా?
5. వద్దంటే పని పోతుందా?

ఒక్కడే అడిగితే "నీకెందుకు" అంటారు. పదిమంది కలిసి, కాగితం మీద రాసి, తేదీ వేసి ఇస్తే జవాబు ఇవ్వక తప్పదు.

యజమాని రికార్డుతోపాటు సొంత రికార్డు కూడా ఉండాలి. ఉపాధి పనికి పోయేవాళ్లు ఏ రోజు, ఎక్కడ, ఎన్ని గంటలు చేశారో ఒక నోటుపుస్తకంలో రాసుకోండి. రాయడం రాకపోతే ఇంట్లో చదువుకునే పిల్లలతో రాయించండి. బ్యాడ్జి పెట్టుకుని పనిచేసేవాళ్లు, కాంట్రాక్టరు కింద ఉన్నా సరే, ప్రతి ఏడాది మోతాదు రికార్డు కాపీ అడిగి తీసుకోండి. పని మానేటప్పుడు తప్పకుండా తీసుకోండి. పదేళ్ల తర్వాత జబ్బు చేస్తే ఆ కాగితమే సాక్ష్యం.

గల్ఫ్‌కు పోయేవాళ్లు వీసా, ఒప్పందం, పాస్‌పోర్టు, ఇఖామా ఫోటోలు ఇంట్లో ఒకరి ఫోన్‌లో పెట్టి పోండి. జీతం వచ్చిన ప్రతిసారీ ఆ వివరం ఇంటికి పంపండి. సౌదీలో ఇఖామా పరిస్థితిని అబ్షర్‌లో అప్పుడప్పుడు చూసుకోండి. తప్పుడు ఫిర్యాదు పడితే ఆలస్యం చేయకుండా భారత రాయబార కార్యాలయానికి పోవాలి. ఇక్కడి నుంచి కుటుంబం విదేశాంగ శాఖ 'మదద్' పోర్టల్‌లో ఫిర్యాదు పెట్టొచ్చు. ఆంధ్రప్రదేశ్ ప్రవాసాంధ్రుల సంస్థ సాయం కూడా అడగొచ్చు.

చిప్ మన ఊరికి వస్తుందో రాదో కానీ, పద్దు మాత్రం ఎప్పుడో వచ్చేసింది. మన చెమట లెక్క అందులో ఉంది కాబట్టి, దాన్ని చూసే హక్కు మనకుండాలి.